మూడో వరుసలో కూర్చుని చూస్తే: స్కార్పియో-ఎన్, సఫారీల మధ్య అసలు తేడాలు

మా అప్ప (అక్క) వాళ్లది నరసన్నపేట పక్కన పల్లె. అత్తగారు, మావగారు, బావ, అప్ప, పెళ్లి కావాల్సిన ఆడపడుచు, ఇద్దరు పిల్లలు. మొత్తం ఏడుగురు. జీఎస్టీ తగ్గిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పెద్ద బండి మాట నడుస్తోంది. బావ మనసు మహీంద్రా స్కార్పియో-ఎన్ మీద, అప్ప మనసు టాటా సఫారీ మీద. విజయనగరంలో ఉన్న నాకు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేస్తారు.

"ఛాసిస్ బండి బావా, మన రోడ్లకి అదే నిలబడతాది" అంటాడాయన. "పిల్లలున్న ఇల్లురా తమ్ముడా, సేఫ్టీ స్టార్లు చూసుకోవద్దా" అంటుంది మా అప్ప. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పికప్ ఎంత, తెర ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఎంత తెరుచుకుంటుంది అని ఇద్దరూ అడిగారు. అవన్నీ ముందు సీట్లలో కూర్చునేవాళ్లు అడిగే ప్రశ్నలు. అయిదు సీట్ల బండి కాదని ఇంత పెద్దది కొంటున్నది చివరి వరుస కోసం. ఆ వరుసలో ఎవరు కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు అన్నది ఒక్కరూ అడగలేదు. షోరూం కాగితంలోనూ దాని సంగతి తక్కువే. అందుకే ఈ రెండు బండ్లనీ వెనక నుంచి ముందుకు విప్పి చూద్దామనుకున్నాను. లెక్క తేలికగా ఉండటానికి రెండింట్లోనూ డీజిల్ రకాలనే తీసుకున్నాను.

'పెద్ద ఎస్‌యూవీ' అంటే ఎంత పెద్దది?

ఈ మాటకు దేశానికో కొలత. అమెరికాలో ఫుల్ సైజ్ ఎస్‌యూవీ అంటే షెవర్లే తాహో లాంటిది, పొడవు 5.3 మీటర్లు దాటుతుంది. దాని పక్కన మన ఫార్చ్యూనర్ కూడా చిన్నదే, 4.8 మీటర్ల లోపు. మన దగ్గర మూడు వరుసల సీట్లుండి నాలుగున్నర మీటర్లు దాటితే జనం దాన్ని పెద్ద బండి అనేస్తారు.

పన్నుల శాఖకు మాత్రం కచ్చితమైన కొలత ఉండేది. పొడవు 4 మీటర్లు దాటాలి, ఇంజిన్ 1500 సీసీ దాటాలి, ఖాళీ బండికి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం) 170 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ మూడూ ఉంటే దాని పేరేదైనా జీఎస్టీ పైన అదనంగా వేసే సెస్సు ఎక్కువ రేటులో పడుతుందని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. ఇందులో 'ఖాళీ బండికి' అన్న మాట గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

స్కార్పియో-ఎన్ పొడవు 4662 మిల్లీమీటర్లు, సఫారీ 4668. వెడల్పు 1917, 1922. చక్రాల మధ్య దూరం 2750, 2741. అంటే పొడవులో, వెడల్పులో తేడా వేలెడు కూడా లేదు. శ్రీకాకుళం పెద్దమార్కెట్ సందుల్లో ఒకటి ఇరుక్కుంటే రెండోదీ ఇరుక్కుంటుంది. ఎనిమిది అడుగుల గేటులోంచి ఏది దూరినా పక్కకు పాతిక సెంటీమీటర్లు మిగులుతుంది. అదీ అద్దాలు మడిస్తేనే. కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఎత్తులో ఉంది. స్కార్పియో-ఎన్ 1857, సఫారీ 1795. ఆ 62 మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే మిగతా తేడాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

నిచ్చెన మీద కూర్చోబెట్టిన బండి, గుల్లలా కట్టిన బండి

ఎడ్లబండిని తలుచుకోండి. కింద రెండు పొడుగాటి దుంగలు, వాటికి అడ్డంగా కర్రలు, ఆ చట్రానికే ఇరుసు. బరువంతా మోసేది ఆ చట్రమే. పైన పలకలు వేసినా, గూడు కట్టినా, ఏమీ లేకపోయినా బండి నడుస్తుంది. స్కార్పియో-ఎన్ ఆ పద్ధతి బండి. ఉక్కుతో చేసిన నిచ్చెన లాంటి చట్రానికి ఇంజిన్, చక్రాలు బిగించి, ఆ పైన క్యాబిన్‌ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. దీన్నే ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. మా బావ 'ఛాసిస్ బండి' అనేది దీన్నే. లారీలూ ఇలాగే ఉంటాయి.

సఫారీది ఇంకో పద్ధతి, మోనోకోక్. దానికి విడిగా చట్రం లేదు. నేల, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే గుల్ల. కొబ్బరి చిప్పలో విడిగా ఎముకలుండవు, ఆకారమే దాని బలం. ఇదీ అంతే. ల్యాండ్ రోవర్ వారి డీ8 నిర్మాణం నుంచి తీసుకుని టాటా వాళ్లు ఈ వేదికను తయారుచేసుకున్నారు, ఒమేగా-ఆర్క్ అని పేరు పెట్టారు.

ఇక్కడ జనంలో ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. 1998లో వచ్చిన పాత సఫారీ ఛాసిస్ బండే, వెనక చక్రాలతో నడిచేది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త సఫారీకి పేరు తప్ప దాని నిర్మాణంలో ఏదీ రాలేదు. ఇది ముందు చక్రాలతో నడుస్తుంది, నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. పాత సఫారీ ఎక్కిన అనుభవంతో కొత్తదాన్ని అంచనా వేసేవాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ చాలామంది. స్కార్పియో సంగతి ఇంకోలా ఉంది. 2002 నాటి స్కార్పియో వారసత్వం ఇప్పుడు రెండు బండ్లుగా నడుస్తోంది. స్కార్పియో క్లాసిక్ పాతదానికి కొనసాగింపు, 2022 జూన్‌లో వచ్చిన స్కార్పియో-ఎన్ పూర్తిగా కొత్తది. వెనక ఎదురెదురు సీట్లున్న బండి చూసి 'ఇదే స్కార్పియో' అనుకుంటే అది క్లాసిక్. ఎన్‌లో చివరి వరుస ముందుకే చూస్తుంది.

ఛాసిస్ బండిలో క్యాబిన్ చట్రం పైన కూర్చుంటుంది కాబట్టి నేల పైకి లేస్తుంది, దాంతో పైకప్పూ లేస్తుంది. ఎత్తులో తేడాకు ఇది పెద్ద కారణం. పొలం గట్టు దిగినప్పుడు, ఒక చక్రం గోతిలో ఒక చక్రం మిట్ట మీద ఉన్నప్పుడు మెలితిప్పే బలాన్ని చట్రం తీసుకుంటుంది. వంశధార ఇసుకలోనో, వరి కోతల తర్వాత దుక్కిలోనో బండి దించేవాడికి ఈ నిర్మాణం మీద నమ్మకం ఊరికే రాలేదు. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో ఖరీదైన రకాల్లో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతుంది.

మోనోకోక్‌లో ఆ విడి చట్రం బరువు తగ్గుతుంది, నేల కిందికి దిగుతుంది, మలుపుల్లో బండి అంతగా ఒరగదు. జాతీయ రహదారి 16 మీద టెక్కలి నుంచి విశాఖ దాకా గంటకు 90లో పోతుంటే లోపలివాళ్లకు అలుపు తక్కువ.

ఈ తేడా డ్రైవరు కన్నా ముందు తెలిసేది వెనక కూర్చున్నవాళ్లకే. స్కార్పియో-ఎన్‌లో వెనక రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసు ఉంటుంది. దాన్ని అయిదు కడ్డీలు పట్టి ఉంచుతాయి, పక్కలకు ఊగకుండా వాట్స్ లింకేజ్ అనే ఏర్పాటు ఉంది. పాత స్కార్పియోతో చూస్తే చాలా నయం. అయినా ఎడమ చక్రం గోతిలో పడితే ఆ కదలిక ఇరుసు ద్వారా కుడి వైపుకూ చేరుతుంది. సఫారీ వెనక భాగంలో సగం స్వతంత్రంగా మెలితిరిగే దూలం ఉంటుంది, కుదుపు కాస్త చిన్నగా అందుతుంది. మూడో వరుస సీటు ఉండేది సరిగ్గా ఈ చక్రాల మీద. ముందు కూర్చున్న బావకు 'కొంచెం కుదిపింది' అనిపించిన స్పీడ్ బ్రేకర్, వెనకున్న పిల్లాడి తలను పైకప్పు దాకా తీసుకెళ్లొచ్చు. ఏడుగురూ ఎక్కితే స్ప్రింగులు అణిగి ఛాసిస్ బండి నడక మెత్తబడుతుంది. ఇద్దరే వెళ్లి టెస్ట్ డ్రైవ్ చేసి 'గట్టిగా ఉంది' అని తేల్చేవాళ్లకు ఈ సగం తెలియదు.

మా అప్ప అత్తగారు బండెక్కిన తీరు

మొదటిసారి షోరూముకు బావ, నేను వెళ్లాం. రెండోసారి అప్ప పట్టుబట్టి అత్తగారిని తీసుకొచ్చింది. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. స్కార్పియో-ఎన్ దగ్గర ఆవిడ ముందు ఎడమ చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుంది. కుడి కాలు ఫుట్ బోర్డు మీద పెట్టింది. పైన పట్టీ కోసం చెయ్యి చాపింది, అందింది. ఒంటిని పైకి లాక్కునేసరికి మొహంలో నొప్పి కనిపించింది, కానీ కూర్చున్నాక "ఎత్తుగా ఉంది, రోడ్డంతా అగుపిస్తోంది" అని సంబరపడింది. సఫారీలోకి మెట్టు తక్కువ, అంత తిప్పలు పడకుండా ఎక్కింది. దిగేటప్పుడు రెండింట్లోనూ బావ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత మూడో వరుస. రెండింట్లోనూ రెండో వరుస సీటును మడిచి, దాని పక్కనుంచి వంగి దూరాలి. ఆవిడ వద్దన్నట్టు తల ఊపేసింది. అంటే ఆ ఇంట్లో చివరి వరుస ఎప్పటికీ పిల్లలదీ, ఆడపడుచుదీ. ఒక్క అరగంటలో తేలిన ఈ సంగతి నెల రోజుల ఫోన్లలో తేలలేదు.

సీట్లు ఆరా, ఏడా అన్నది ఇక్కడే వస్తుంది. మధ్య వరుసలో రెండు విడి సీట్లుంటే కెప్టెన్ సీట్లు అంటారు. కూర్చోవడానికి హాయి, చూడటానికి అందం. కానీ అప్పుడు బండి ఆరుగురిదవుతుంది, ఆర్సీలోనూ ఆరే రాస్తారు. ఆ సంఖ్యలో డ్రైవరు కూడా ఉంటాడు. ఏడుగురి ఇంటికి మధ్యలో బెంచీ ఉన్న రకమే దారి. అందమైన పై రకం చూసి మనసు పడ్డాక ఇది తెలిస్తే బాధగా ఉంటుంది. మా అప్పకు అదే అయింది.

వైశాఖంలో మన ఎండ, ఆ ఉక్క తెలిసినవాళ్లకు ఏసీ సంగతి చెప్పనక్కర్లేదు. సఫారీ మూడో వరుసకు విడిగా గాలి వచ్చే రంధ్రాలు, దాని వేగం మార్చుకునే మీట ఉన్నాయి. స్కార్పియో-ఎన్‌లో మధ్య వరుసకు ఉన్నాయి, మూడో వరుసకు విడిగా లేవు. మధ్య సీట్ల మీదుగా వెనక్కి చేరిన చల్లదనమే వాళ్లది. ఎండలో నిలబెట్టిన బండి చల్లబడే మొదటి పావుగంట చివర్లో కూర్చున్నవాళ్లకు భారంగానే గడుస్తుంది. తేడా చిన్నదని కొందరంటారు. కడుపులో తిప్పే పిల్లాడిని వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కినవాళ్లు అలా అనరు.

ఏడుగురు ఎక్కాక బియ్యం బస్తా ఎక్కడ?

మూడో వరుస సీట్లు ఎత్తి ఉంచితే సఫారీ డిక్కీలో మిగిలేది 73 లీటర్లు. లీటర్లంటే బుర్రకెక్కదు కాబట్టి బియ్యంలో చెబుతాను. లీటరు చోటులో సుమారు 800 గ్రాముల బియ్యం పడుతుంది. పాతిక కిలోల బస్తాకు 31 లీటర్లు చాలు. అంటే ఆ డిక్కీ రెండు బస్తాలకు సరిపోయి, మూడోదానికి చాలదు. స్కార్పియో-ఎన్‌లో ఆ మాత్రం కూడా కష్టమే, సీటు వీపుకీ తలుపుకీ మధ్య చేతిసంచులు నిలబెట్టుకునే సందు మాత్రమే ఉంటుంది. రెండింట్లోనూ ఏడుగురికి సరిపడా సామాను లోపల పట్టదు. పైన క్యారియర్ కట్టాల్సిందే. ముందే ఎత్తైన బండి మీద ఇంకా బరువు పైన పెడితే మలుపుల్లో ఒరుగు పెరుగుతుంది. ఇది స్కార్పియో-ఎన్‌కు ఇంకొంచెం ఎక్కువ వర్తిస్తుంది.

మూడో వరుస మడిచినప్పటి తీరు కూడా వేరు. సఫారీలో అది రెండు సగాలు. ఒకటి మడిచి ఒకటి ఉంచుకోవచ్చు, రెండూ మడిస్తే నేల చదునవుతుంది, చోటు బాగా పెరుగుతుంది. స్కార్పియో-ఎన్‌లో అది ఒకే ముక్క. మడిచి ముందుకు దొర్లించి నిలబెట్టాలి, ఆ సీటే కొంత చోటు తినేస్తుంది. ఆరుగురు ప్రయాణిస్తూ సగం డిక్కీ వాడుకునే వీలు అందులో లేదు.

ఇక బరువు. ఇందాక గుర్తుంచుకోమన్న 'ఖాళీ బండి' మాట ఇప్పుడు పనికొస్తుంది. పెద్దలు అయిదుగురు, తలకు 65 కిలోల చొప్పున 325. పిల్లలిద్దరూ కలిసి 60. బియ్యం బస్తాలు రెండు 50. కొబ్బరికాయలు, బట్టలు, అరిసెల డబ్బా కలిపి 40. మొత్తం 475 కిలోలు. బండి ఎంత మోయొచ్చో తెలియాలంటే తయారీదారు చెప్పిన మొత్తం బరువు పరిమితిలోంచి ఖాళీ బరువు తీసేయాలి. వాళ్లు ప్రకటించే గ్రౌండ్ క్లియరెన్స్ చాలాసార్లు ఖాళీ బండిది. ఈ 475 కిలోల్లో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద, దాని వెనకా పడుతుంది. అప్పుడు తోక దిగి, మూతి లేస్తుంది. ఖాళీగా వెళ్లినప్పుడు తగలని స్పీడ్ బ్రేకర్ సంక్రాంతినాడు కింద గీరుకునేది ఇందుకే.

మూతి లేచినప్పుడు హెడ్‌లైట్లు కూడా పైకి చూస్తాయి. రాత్రి మడపాం టోల్‌గేట్ దాటాక ఎదురొచ్చే లారీవాళ్లు లైట్లు కొడుతూ తిడుతున్నారంటే మన లైట్లు వాళ్ల కళ్లలో పడుతున్నట్టు. స్టీరింగు దగ్గర 0, 1, 2 అని అంకెలున్న చిన్న చక్రం చాలా బండ్లలో ఉంటుంది. దాన్ని తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఓ చీటీ కనిపిస్తుంది, ఖాళీ బండికి టైర్లలో ఎంత గాలి, నిండు బండికి ఎంత అని రెండు వరుసలుంటాయి. నిండు బండి వరుసలో వెనక టైర్ల అంకె పెద్దది. ఏడు సీట్ల బండి ఉన్న మా బంధువుల్లో ఆ చీటీ చదివినవాళ్లు నాకు ఒక్కరే కనిపించారు.

స్టార్లు ఎవరి కోసం లెక్కపెట్టారు?

మా అప్ప మాటకొస్తే, రెండు బండ్లకూ పెద్దల భద్రతలో అయిదు స్టార్లే. కానీ అన్ని అయిదూ ఒకటి కావు. బండ్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో స్కార్పియో-ఎన్‌కు 2022 డిసెంబరులో పెద్దల విభాగంలో 34కు 29.25 మార్కులు వచ్చాయి. సఫారీకి 2023 అక్టోబరులో అదే 34కు 33.05. పిల్లల విభాగంలో దూరం పెరిగింది. స్కార్పియో-ఎన్‌కు 49కి 28.93, అంటే మూడు స్టార్లు. సఫారీకి 49కి 45, అంటే అయిదు.

సఫారీకి మన దేశపు సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో 30.08 వచ్చిందని ఇంకో అంకె కనిపిస్తుంది. దాన్ని స్కార్పియో-ఎన్ 29.25 పక్కన పెట్టి 'ఒక్క మార్కే తేడా' అనేవాళ్లున్నారు. అది తప్పు లెక్క. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల విభాగానికి మొత్తం మార్కులు 32. ఇటు 32కి 30.08 అంటే 94 శాతం, అటు 34కి 29.25 అంటే 86 శాతం. వేర్వేరు పరీక్షల మార్కులు కాబట్టి శాతాల్లో పోల్చినా పూర్తి న్యాయం కాదు. రెండూ రాసిన పరీక్ష గ్లోబల్ ఎన్‌క్యాపే కనుక దాని మార్కులతోనే పోల్చాలి.

స్కార్పియో-ఎన్ తరఫున చెప్పాల్సిన మాటా ఉంది. పిల్లల విభాగంలో మార్కులు మనుషుల బదులు కూర్చోబెట్టే బొమ్మలకు తగిలిన దెబ్బ మీదే కాదు, పిల్లల సీటు బిగించుకునే కొక్కేలు, అన్ని చోట్లా మూడు బిందువుల బెల్టు, ముందు ఎయిర్‌బ్యాగ్ ఆపుకునే వీలు లాంటి సదుపాయాల మీద కూడా పడతాయి. మూడు స్టార్లంటే ఉక్కు బలహీనమని అర్థం కాదు. ఛాసిస్ బండి కాబట్టి గుద్దితే ఎదుటిదే పోతుందన్న ధీమాకూ ఈ పరీక్షలో ఆధారం లేదు. గుద్దినప్పుడు ఆ బలాన్ని ముందు భాగం నలిగి మింగాలి. నలగని బండిలో ఆ బలం మనిషికి చేరుతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే విషయం. ఈ పరీక్షల్లో పెద్దల బొమ్మలను ముందు సీట్లలో, పిల్లల బొమ్మలను రెండో వరుసలో కూర్చోబెడతారు. ముందు నుంచి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తారు, పక్కనుంచి గుద్దిస్తారు, స్తంభానికి గుద్దిస్తారు. మూడో వరుసలో బొమ్మ ఉండదు. వెనక నుంచి లారీ గుద్దితే ఏమవుతుందో ఈ స్టార్లు చెప్పవు. ఇది ఈ రెండింటికే కాదు, మూడు వరుసల బండ్లన్నింటికీ వర్తిస్తుంది. మన ఇళ్లలో ఆ వరుసలో కూర్చునేది పిల్లలు. అందుకే అక్కడ బెల్టు పూర్తిగా భుజం మీదుగా వస్తుందా, తల వెనక దిండు పిల్లాడి తల ఎత్తుకు అందుతుందా అన్నది స్టార్ల కన్నా ముందు చూసుకోవాల్సిన సంగతని నా అభిప్రాయం.

ఇంజిన్: ఘాట్‌లో ఒక లెక్క, బడి దగ్గర ఇంకో లెక్క

సఫారీ డీజిల్ రెండు లీటర్ల ఇంజిన్, 170 పీఎస్ శక్తి, 350 ఎన్ఎం టార్క్. స్కార్పియో-ఎన్ 2.2 లీటర్ల ఇంజిన్, 175 పీఎస్. టార్క్ మాన్యువల్ గేర్లతో 370, ఆటోమేటిక్‌తో 400. అయితే స్కార్పియో-ఎన్ కింది రకాల్లో అదే ఇంజిన్ 132 పీఎస్, 300 ఎన్ఎంతో వస్తుంది. 'స్కార్పియో-ఎన్ డీజిల్' అని ఒకే పేరుతో అడిగితే ఏ ఇంజిన్ ధర చెప్పారో తెలియదు.

పీఎస్ అనేది బండి ఎంత వేగం అందుకోగలదో చెబితే, టార్క్ బరువును ఎంత తేలిగ్గా కదిలించగలదో చెబుతుంది. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దగ్గర కొండ మొదలయ్యాక ఏడుగురితో అనంతగిరి మలుపులు ఎక్కేటప్పుడు పనికొచ్చేది రెండోది. బండి కొండెక్కుతుంటే బరువు వెనక్కి వాలుతుంది. వెనక చక్రాలు తోసే స్కార్పియో-ఎన్‌కు అది లాభం, పట్టు పెరుగుతుంది. ముందు చక్రాలు లాగే సఫారీకి ముందు భాగం తేలికవుతుంది. పొడి తారు మీద ఈ తేడా తెలియదు. వానకు తడిసిన బురద మలుపులో నిలబెట్టి మళ్లీ కదిలించేటప్పుడు తెలుస్తుంది.

మైలేజీ మీద మనవాళ్లకు పట్టింపు ఎక్కువ. లెక్క వేసి చూడండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతూ ఒక బండి లీటరుకు 14, ఇంకోటి 12 ఇస్తుందనుకుందాం. 857 లీటర్లు, 1000 లీటర్లు. డీజిల్ లీటరు 97 రూపాయలనుకుంటే ఏడాదికి తేడా 13,900 దాకా. అయిదేళ్లకు 70 వేల లోపు. ఒక రకం నుంచి పై రకానికి పోతే పడే తేడా తరచూ ఇంతకన్నా ఎక్కువ.

డీజిల్‌లో అసలు గొడవ వేరే ఉంది, దాని పేరు డీపీఎఫ్. పొగ గొట్టంలో ఉండే జల్లెడ ఇది, మసిని పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసి కాలిపోవాలి, అందుకు పొగ వేడి 600 డిగ్రీల దరిదాపులకు చేరాలి. హైవే మీద ఇరవై నిమిషాలు ఏకబిగిన పోతే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి బడికి, బడి నుంచి మార్కెట్‌కి రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే అది సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. చివరికి డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది. అప్పుడు నాతవలస దాకా హైవే ఎక్కి వస్తే చాలావరకు ఆరిపోతుంది. పట్టించుకోకపోతే సర్వీసు ఖర్చు పెద్దదే. ఈ జల్లెడ రెండు బండ్లలోనూ ఉంది. ఊళ్లోనే తిరిగే ఇంటికి డీజిల్ తీసుకోవాలా అన్నది బండి పేరు కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న. నరసన్నపేట నుంచి రోజూ హైవే ఎక్కే మా బావకు ఆ బెంగ లేదు.

డీజిల్ బండి పదేళ్లకే తుక్కవుతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది.

ధరలో పన్ను ఎంత, శ్లాబు గీత ఎక్కడ?

2025 సెప్టెంబరు 22కు ముందు ఇలాంటి బండ్ల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పడేది. ఇప్పుడు సెస్సు లేదు, మొత్తం 40 శాతం. పన్ను లేని ధర 14 లక్షలనుకుంటే అప్పుడు 21 లక్షలు, ఇప్పుడు 19 లక్షల 60 వేలు. తగ్గింది లక్షా 40 వేలు.

దాని వెనక ఇంకో తగ్గుదల ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ 10 నుంచి 20 లక్షల బండికి 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. పాత ధర మీద అది 3,78,000, కొత్త ధర మీద 3,33,200. ఇక్కడ ఇంకో 44,800 మిగిలింది, మొత్తం తగ్గుదల 1,84,800. ఈ గీత ఇప్పుడు కొనేవాళ్లకూ ముఖ్యమే. 19,95,000 ధరకు లైఫ్ ట్యాక్స్ 3,39,150. ఇంకో పదివేలు ఎక్కువున్న రకానికి, 20,05,000కు, 3,60,900. పదివేల సదుపాయం కోసం పన్నే 21,750 ఎక్కువ కట్టినట్టు. బిల్లులో 'టీసీఎస్' (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) అని ఒక శాతం కనిపిస్తుంది, అది పది లక్షలు దాటిన బండ్లకు వేస్తారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసేవాళ్లు దాన్ని తమ లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఏడుగురు కూర్చునే రోజులు ఏడాదికి ఎన్ని?

పోయిన వారం మా అప్ప గోడ మీది క్యాలెండరు దించి లెక్కపెట్టింది. సంక్రాంతికి మూడు రోజులు. రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి శ్రీముఖలింగం, విజయనగరంలో సిరిమాను, తలా ఒకటి. అరకుకు రెండు. పెళ్లిళ్లకు పది, పిల్లల సెలవుల్లో నాలుగు. మొత్తం ఇరవై రెండు.

"మిగతా మూడొందల నలభై మూడు రోజులూ నేనొక్కడినే కదా" అన్నాడు బావ, గెలిచినట్టు. పొలానికి, మిల్లుకు, పలాస దాకా తిరిగేది ఆయనే. మట్టి దారిలో, వానల్లో ఆయనకు స్కార్పియో-ఎన్ కావాలనిపించడం న్యాయమే. అయితే ఆ మూడొందల నలభై మూడు రోజులూ మూడో వరుస మడిచే ఉంటుంది, ఎరువు బస్తాలు వేసుకోవాలంటే చదునైన నేల సఫారీదే. ఆ లెక్క విన్నాక బావ కాసేపు మాట్లాడలేదు. మా అప్ప కూడా తన వైపు కాస్త తగ్గింది. తోటలోకి ట్రాక్టరు దారే దిక్కనీ, వానాకాలంలో సఫారీ గట్టు దగ్గరే ఆగిపోవచ్చనీ తనే చెప్పింది.

బుకింగ్ ఇంకా కాలేదు. ఈ ఆదివారం ఏడుగురూ కలిసి మళ్లీ షోరూముకు వెళ్తున్నారు. రెండు బండ్లనూ ఏడుగురితో నింపి, హైవే మీద, పక్కనున్న మట్టి రోడ్డు మీద నడిపి చూపించాలని ముందే ఫోన్‌లో అడిగారు, సరేనన్నారట. స్టీరింగు షోరూం కుర్రాడికే వదిలేసి, పిల్లలతో పాటు వెనక తాను కూర్చుంటానన్నాడు బావ.